ఎడమ పక్క ఖాళీ

కుట్టుమిషను గది,
జూన్ నాలుగు.

తమ్ముడికి అక్క రాసేది.

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే నాలుగు వరుసలు. "ఇక్కడ మార్పేమీ లేదు, అక్కడ అందరూ బాగున్నారని తలుస్తాను." మీ బావ చూసి, "మీ తమ్ముడు ఒకే ఉత్తరానికి వంద నకళ్ళు తీసి పెట్టుకున్నాడే, నెలకొకటి పంపుతున్నాడు" అన్నారు. నీకు పెన్నులో సిరా అంత పొదుపైతే చెప్పు ముంగీ, ఇక్కణ్ణించి పంపుతాను.

నా సంగతి విను. పక్క వీధి లెక్కల మాస్టారు తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. పట్టుకెళ్ళిన మర్నాడు తిరిగొచ్చి, "అమ్మా, గుండీలకి పసుపు దారం వేశారు, కొత్త ఫ్యాషనా?" అన్నాడు. నేను తెల్ల దారమే వేశాను! వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసినా నాకు తెల్లగానే ఉంది. మీ బావ చూసి పసుపన్నారు. నలభై ఏళ్ళ నా పనిలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. సూదిలో దారం ఎక్కించడం మానేసి ఏడాదైంది. ఎదురింటి పిల్లతో పొద్దున్నే పది సూదులు ఎక్కించి పెట్టుకుంటున్నాను. ఎవరికీ చెప్పకు.

డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలన్నాడు. చుక్కల మందుతో కరగవట, ఆపరేషనే దారట. ముందు కుడికన్ను. నేను పండనివ్వండి అని లేచి వచ్చేశాను.

నువ్వు జీవితమంతా గోరంత వాచీలు విప్పి బిగించినవాడివి. కన్ను ఎలా విప్పుతారో, ఎలా బిగిస్తారో కనుక్కుని రాయి. నాలుగు వరుసల్లో కాదు. నాకు భయంగా ఉందని మీ బావకి చెప్పలేదు. చెబితే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

అక్క

—

వాచీల కొట్టు,
జూన్ ఇరవై రెండు.

అక్కకు నమస్కారం.

కనుక్కున్నాను. ఆలస్యమైంది.

మా వీధి చివర కంటాసుపత్రి ఉంది. అక్కడి నర్సమ్మ వాచీ నా దగ్గర మరమ్మతుకు వచ్చింది. అడుగుదామనుకున్నాను, నోరు రాలేదు. వాచీ ఒక్క పూటలో బాగైంది. కానీ ఆవిడ వస్తే ఇంకా కాలేదన్నాను. మళ్ళీ వచ్చింది. ఇంకా కాలేదన్నాను. మూడోసారి అడిగాను. ఆవిడ నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుని అంతా చెప్పింది.

మత్తు సూది ఉండదట. చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుంది. నల్లగుడ్డు అంచున గాటు పెడతారు. గాటంటే కత్తిరించి తెరవడం కాదు. నీ సూది పొడవులో పదో వంతు కూడా ఉండదు. మన కంటి లోపల అద్దం ఒకటి ఉంటుంది. మసకబారేది అదే. సన్నటి గొట్టం లోపలికి పెడితే అది వణుకుతూ ఆ అద్దాన్ని పొడి చేసి పీల్చేస్తుంది. అద్దం కూర్చున్న పల్చటి సంచీ మాత్రం అలాగే ఉంటుంది. కొత్త అద్దాన్ని చుట్టగా చుట్టి ఆ గాటులోంచే తోస్తారు. లోపలికెళ్ళి అదే విచ్చుకుంటుంది.

అది కదలకుండా ఎలా నిలుస్తుందని అడిగాను. రెండు పక్కలా వెంట్రుకలాంటి చేతులుంటాయట, స్ప్రింగుల్లా. అవి సంచీ గోడకి ఆనుకుంటాయి. మర్నాడు ఆవిడ కంట్లో పెట్టే అద్దం, పాడై పక్కన పడేసినది ఒకటి తెచ్చి చూపించింది. చొక్కా గుండీలో సగం ఉంది. భూతద్దం పెట్టుకుని అరగంట చూశాను అక్కా. అంత అందమైన పని నేను ఎప్పుడూ చూడలేదు. బొమ్మ వేసి ఈ ఉత్తరం వెనక పెట్టాను.

కుట్లుండవు. పావుగంట, ఇరవై నిమిషాలు. వాచీ అద్దం మార్చడానికి నాకూ అంతే పడుతుంది.

పండేదాకా ఆగడం పాత మాటట. పండితే గట్టిపడి తీయడం కష్టం. చేయించుకో.

నాకు కుడికంటికి కలక వచ్చింది. నర్సమ్మ చేతులు కడుక్కోమంది, తువ్వాలు వేరుగా పెట్టుకోమంది. వారంలో తగ్గింది. ఆ వారం భూతద్దం ఎడమకంటికి పెట్టుకున్నాను. ఎడమకంటికి పెట్టుకోవడం ఇదే మొదలు. పని చేసేటప్పుడు ఆ కన్ను మూసుకోవడం అలవాటు. పాత భూతద్దం అంచుల చుట్టూ మసి పట్టి ఉంది. మూడుసార్లు తుడిచాను. పోలేదు. కొత్తది కొన్నాను. దానికీ మసి. ఈ మధ్య సరుకు అలా వస్తోంది.

ఇంకేం మార్పు లేదు.

తమ్ముడు

—

కుట్టుమిషను గది,
జులై ఇరవై ఏడు.

తమ్ముడికి,

అయిపోయింది! నీ బొమ్మ జాకెట్టులో పెట్టుకుని వెళ్ళాను. ఆపరేషను బల్ల మీద, "ఇప్పుడు అద్దం విచ్చుకుంటుంది కదండీ" అన్నాను. డాక్టరు, "మీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు. మా తమ్ముడు అన్నాను. డాక్టరా? అన్నాడు. కాదు, వాచీలు బాగు చేస్తాడన్నాను. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వబోతే కదలొద్దన్నారు.

మర్నాడు కట్టు విప్పారు. నీలం ఇంత నీలంగా ఉంటుందా తమ్ముడూ! దారపు కండెల పెట్టె తెరిచి గంటసేపు కూర్చున్నాను. పసుపుని తెలుపనుకుని ఎన్ని చొక్కాలు పాడు చేశానో. ఇల్లంతా దుమ్ము. మీ బావ ముఖం చూసి, "ఎవరీ ముసలాయన" అన్నాను. ఆయన రెండు రోజులు అలిగారు.

ఆయన్ని కూడా పరీక్షకి లాక్కెళ్ళాను. పదేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది కదా. ఆయనకి చూపు శుభ్రంగా ఉంది. అయినా కన్ను లోపలి తెర మీద చిన్న చిన్న రక్తపు మరకలున్నాయన్నారు. చూపు తగ్గేదాకా ఆగితే ఆలస్యమైపోతుందట. లేజరు కాంతితో వాటిని ఆపుతారు. పరీక్షకి ఏదో చుక్కలు వేస్తే కంటిపాప పెద్దదై, ఎండలో కళ్ళు తెరవలేక, వీధిలో కరెంటు స్తంభాన్ని "బాగున్నారా" అని పలకరించారు. ఇది రాయొద్దన్నారు, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు అసలు మాట. ఆసుపత్రి బల్ల మీద నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఆవిడకి ఒక కంటి చూపు చాలా వరకు పోయిందట. ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలీదు. రెండో కన్ను ఆ పని కూడా చేసేస్తుంటే తెలియదట. ఒకరోజు మంచి కంట్లో నలుసు పడి మూసుకుంటే బయటపడింది. ఆవిడ చెబుతుంటే నాకు చప్పున నీ మసి గుర్తొచ్చింది.

రెండు భూతద్దాలకీ ఒకే చోట మసి ఎలా ఉంటుంది? నువ్వు నలభై ఏళ్ళు ఎడమకన్ను మూసుకునే పని చేశావు. అది ఉందో పోయిందో నీకెలా తెలుస్తుంది?

భూతద్దం తీసెయ్. కుడికన్ను అరచేత్తో కప్పు. ఎదురుగా గోడ మీద కాలెండరు చూడు. తల తిప్పకు, కన్ను తిప్పకు. ఏం కనిపిస్తుందో ఉన్నదున్నట్టు రాయి.

అక్క

—

వాచీల కొట్టు,
ఆగస్టు మూడు.

అక్కకు నమస్కారం.

చూశాను.

పదిహేను, పదహారు ఉన్నాయి. మిగతా తేదీలు లేవు. తాళం కన్నంలోంచి చూసినట్టుంది.

కొత్త భూతద్దం మంచిదే. కొట్టువాడితో పోట్లాడాను. మళ్ళీ వెళ్ళి తప్పు నాదని చెప్పాలి.

తమ్ముడు

—

కుట్టుమిషను గది,
ఆగస్టు ఏడు.

ఈ ఉత్తరం చదవడం అవగానే షట్టరు దించి, వీధి చివరికి నడువు. ఆ నర్సమ్మకి చెప్పడానికి మళ్ళీ మూడుసార్లు తిప్పకు.

నాన్న ఆఖరి రోజుల్లో ఎడమవైపు గుమ్మం తగిలించుకునేవాడు, గుర్తుందా? భుజానికి ఎప్పుడూ ఒక కమిలిన మచ్చ. ముసలితనం అనుకున్నాం. చివరికి గోడ గడియారానికి కీ ఇవ్వాలన్నా తడుముకుని ఇచ్చేవాడు. నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకు అలాంటిదేమీ లేదన్నారు. నీ సంగతి రాయి.

అక్క

—

వాచీల కొట్టు,
ఆగస్టు పంతొమ్మిది.

అక్కకు నమస్కారం.

నీటికాసులట. చెబుతాను విను.

కంట్లో నీరు ఊరుతూ ఉంటుంది, ఒక మూల నుంచి పోతూ ఉంటుంది. పోయే దారి బిగుసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కన్ను వెనక తాడులాంటి నరం ఉంది. ఆ ఒత్తిడికి అది అంచుల నుంచి నలుగుతుంది. నొప్పి ఉండదు. అందుకే తెలియదు. ఇళ్ళలో తండ్రికుంటే పిల్లలకీ రావచ్చట.

చూపు ఎంతవరకు ఉందో చూసే యంత్రం ఒకటుంది. గిన్నెలాంటి దాంట్లో తల పెట్టాలి. నడుమ చుక్కనే చూడాలి. ఎక్కడో ఒక చోట చిన్న దీపం వెలుగుతుంది. కనిపిస్తే చేతిలో బొత్తాం నొక్కాలి. నేను బాగా నొక్కాను. పరీక్ష చేసే అమ్మాయి కాగితం చూసి, "తాతా, దీపం వెలగనప్పుడు కూడా నొక్కావేంటి?" అంది.

దీపం వెలిగే ముందు ఆ యంత్రం లోపల టిక్కుమంటుంది అక్కా. ఎవరికీ వినపడదు. నాకు వినపడింది. టిక్కుకి టిక్కుకి మధ్య ఎంతసేపో చేతికి తెలిసిపోయింది. నాకు తెలియకుండానే నొక్కాను. టిక్కు మాత్రం చేసి దీపం వెలిగించకుండా అది మనల్ని పరీక్షిస్తుందట. తెలివైన యంత్రం. డాక్టరు, "ఇది చెవుల పరీక్ష కాదు పెద్దాయనా" అన్నాడు. మళ్ళీ చేశారు. రెండోసారి నిజం వచ్చింది.

ఎడమది చాలా వరకు పోయింది. కుడిది ఫరవాలేదు.

చుక్కలిచ్చారు. రోజూ సాయంత్రం రెండు కళ్ళలోనూ ఒక్కో చుక్క. వేసుకుని ముక్కు పక్క కంటి మూలన వేలితో నొక్కి పట్టుకోవాలి, మందు గొంతులోకి జారకుండా. చుక్కలు చాలకపోతే లేజరు, అదీ చాలకపోతే నీరు పోవడానికి చిన్న దారి తీసే ఆపరేషను.

ఆ యంత్రాన్ని ఒకసారి విప్పి చూడనిస్తారా అని అడగాలనుంది. అడగలేదు.

తమ్ముడు

—

కుట్టుమిషను గది,
నవంబరు పది.

తమ్ముడికి,

రెండో కన్ను కూడా అయింది. ఇప్పుడు సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. దగ్గరికి మాత్రం కళ్ళజోడు కావాలి. ఎదురింటి పిల్లకి పని పోయిందని ఒక గౌను కుట్టిపెట్టాను. లెక్కల మాస్టారి చొక్కా గుండీలు ఊడదీసి తెల్ల దారంతో మళ్ళీ కుట్టాను. పసుపే బాగుందన్నాడు ఆయన!

మీ బావకి లేజరు రెండుసార్లు అయింది. ఇప్పుడు తీపి దగ్గర పెడితే అటు తిరిగి కూర్చుంటున్నారు. అటు తిరిగి తింటున్నారేమో నాకింకా తేలలేదు.

చుక్కలు వేసుకుంటున్నావా? దీనికి జవాబు ఒక్క వరుసలో రాసినా ఊరుకుంటాను.

అక్క

—

వాచీల కొట్టు,
నవంబరు పద్దెనిమిది.

అక్కకు నమస్కారం.

నీకు రెండో కన్ను కూడా బాగైనందుకు సంతోషం. కళ్ళజోడు ఎప్పుడూ మెత్తటి గుడ్డతో తుడువు. చీర చెంగుతో వద్దు, గీతలు పడతాయి.

చుక్కలు వేస్తున్నాను. ఆసుపత్రిలో ఇచ్చిన సీసా ఇంకా సగం ఉంది.

చలి మొదలైంది. గడియారాల్లో నూనె గట్టిపడి నెమ్మదిస్తున్నాయి. పని ఎక్కువగా ఉంది. మార్పేమీ లేదు.

తమ్ముడు

—

కుట్టుమిషను గది,
నవంబరు ఇరవై నాలుగు.

అబద్ధాలకోరుకి,

నాకు ఆపరేషనయ్యాక అలాంటి చుక్కల సీసాలే నాలుగు ఖాళీ చేశాను. ఆ సీసా తెరిచాక నెల రోజులే వాడాలని దాని మీదే ఉంటుంది. ఆగస్టులో ఇచ్చిన సీసా నవంబరులో సగం ఉందంటే నువ్వు వేసుకున్నది ఎన్ని రోజులు? పది? పన్నెండు? అబద్ధమాడటం కూడా రాదు నీకు.

ఇంకొకటి. ఇది కోపంతో రాయడం లేదు.

కళ్ళు బాగయ్యాక పాత గుండీల డబ్బా తీశాను. నీ ఉత్తరాలన్నీ అందులోనే ఉంటాయి. ఇన్నాళ్ళూ మసకగా చదివినవి శుభ్రంగా చదువుదామని బల్ల మీద వరసగా పరిచాను. చదవలేదు. చూస్తూ ఉండిపోయాను. టేపు తీసి కొలిచాను.

ఆరేళ్ళ కిందటి ఉత్తరంలో కాగితానికి ఎడమ పక్క ఖాళీ అర అంగుళం. నాలుగేళ్ళ కిందట ముప్పావు. రెండేళ్ళ కిందట అంగుళం. నిరుడు అంగుళంన్నర. మొన్న వచ్చిన దాంట్లో రెండంగుళాలకు నూలు తక్కువ. మా టేపు లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

ప్రతి వరుసా అంతే. టేపు నాకు అబద్ధం చెప్పదు. నువ్వు కాగితం ఎడమ అంచు చూడటం లేదు తమ్ముడూ. ఎడమది పోయినా కుడిది ఫరవాలేదన్నావు. కుడికన్ను బాగుంటే ఆ అంచు ఎందుకు కనబడదు?

డాక్టరు కుడికన్ను గురించి ఏమన్నాడు? మాటకి మాట రాయి.

అక్క

—

వాచీల కొట్టు,
నవంబరు ముప్పై.

అక్కకు నమస్కారం.

కుడిదానికి కూడా మొదలైంది. ముక్కు పక్క నుంచి. డాక్టరు ఆ రోజే చెప్పాడు. నేను రాయలేదు.

నీ ఉత్తరం చదివి కొత్త కాగితం తీసుకుని అంచు వేలితో తడిమి చూశాను. నేను మొదలనుకున్న చోటుకి అవతల ఇంకా కాగితం ఉంది. కాగితం అక్కడే మొదలవుతుందనుకున్నాను. ఆరేళ్ళుగా అనుకున్నాను.

చుక్కలు పదకొండు రోజులు వేశాను. తర్వాత మానేశాను. ఎందుకంటే, వేసుకున్నాక కాసేపు మసక. సాయంత్రం ఆరు నుంచే కొట్టుకి జనం వస్తారు. ఒకాయన నేను కళ్ళు మూసుకుని మూల నొక్కుకుంటుంటే చూసి, "కళ్ళు బాగోలేవా?" అని ఇవ్వబోయిన వాచీ జేబులో పెట్టుకున్నాడు. తల దించుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. పోయింది రాదని డాక్టరు చెప్పాడు. చుక్కలు వేసినా ఎడమది తిరిగి రాదు. నీ కన్ను బాగు చేశారు, నువ్వు నీలం చూశావు. అది మరమ్మతు. నా దాంట్లో బాగయ్యేదేమీ లేదు. ఆగిన వాచీ తెచ్చి, రోజూ నూనె వెయ్, నడవదు, కానీ వెయ్ అంటే ఎవరు వేస్తారు? నాకు ఆ పని అర్థం కాలేదు.

నాన్న గుర్తొస్తున్నాడు. తడుముకునే ఆ చేయి.

తమ్ముడు

—

కుట్టుమిషను గది,
డిసెంబరు ఐదు.

తమ్ముడూ,

ఇంత పెద్ద ఉత్తరం నువ్వు రాయడం మొదటిసారి. తిట్టాలని కూర్చున్నాను, తిట్టలేకపోయాను.

నీ కన్ను ఆగిన వాచీ కాదురా. నడుస్తున్న వాచీ. నాన్న గోడ గడియారం నాకు అప్పగించినప్పుడు నువ్వేమన్నావు? "రోజూ ఒకే వేళకి కీ ఇవ్వక్కా. ఆగాక ఇద్దామనుకోకు" అన్నావు. ఎందుకురా అంటే, "ఆగితే మళ్ళీ నడుస్తుంది, కానీ ఎంతసేపు ఆగిందో ఎవరికి తెలుస్తుంది?" అన్నావు. ముప్పై ఏళ్ళుగా ఇస్తున్నాను. కీ ఇచ్చినందుకు ఆ గడియారం ఒక్క నిమిషమైనా ఎక్కువ బాగైందా? లేదు. నడుస్తోంది. అంతే.

అది ఆగితే నువ్వొచ్చి ముళ్ళు సరిచేస్తావు. నీ కన్నాగితే ముళ్ళు సరిచేసేవాడు లేడు.

ఇకనుంచి గడియారానికి కీ సాయంత్రం ఆరింటికే ఇస్తాను. అదే వేళకి నువ్వు షట్టరు సగం దించి, వెనక్కి తిరిగి చుక్కలు వేసుకో. ఎవరైనా అడిగితే మా అక్కతో మాట్లాడుతున్నానని చెప్పు. ఆ వాచీ జేబులో పెట్టుకున్నాయన తిరిగొస్తాడు. నీలాంటి చేయి ఆయనకి ఎక్కడ దొరుకుతుంది?

పాత సీసా పారేసి కొత్తది తెచ్చుకో.

ఒక్క మాట. నీ సంగతి తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. కాగితం మీద ఎడమ పక్క గీత గీసుకుని సరిగ్గా రాయాలని చూడకు. వేలితో అంచు తడుముకోకు. నెలకొకటి, ఎలా వస్తే అలా రాయి. నాకు కొలత కావాలి.

అక్క

—

వాచీల కొట్టు,
జూన్ పధ్నాలుగు.

అక్కకు నమస్కారం.

ఈ ఆరు నెలలూ నువ్వడిగినట్టు నెలకొకటి రాశాను. కొలత నాకు చెప్పొద్దని నేనే అన్నాను. యంత్రం చెప్పేదాకా వినకూడదనుకున్నాను.

నిన్న మళ్ళీ గిన్నెలో తల పెట్టాను. ఈసారి చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఆ అమ్మాయి నవ్వింది. నేను కూడా నవ్వాను. దీపం కనిపించినప్పుడే నొక్కాను. కనిపించనప్పుడు ఊరుకున్నాను. ఊరుకోవడం కష్టంగా ఉంది. ఎంతోసేపు ఏమీ కనిపించకపోతే భయమేసింది.

ఒత్తిడి తగ్గిందన్నారు. చూపు లేని చోటల్లా నల్లమచ్చ వేసిన కాగితం చేతికిచ్చారు. డాక్టరు చెప్పేలోగానే నేను ఆగస్టు కాగితం జేబులోంచి తీసి, దాని మీద ఇది పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. మచ్చ మీద మచ్చ కూర్చుంది. ఎక్కడా బయటికి రాలేదు. కుడికంటి కాగితం రెండుసార్లు చూశాను. డాక్టరు నా వెనక నిలబడి చూస్తున్నాడు. ఏమంటారు పెద్దాయనా, అన్నాడు.

మార్పేమీ లేదండీ, అన్నాను. నా గొంతు పెద్దగా వచ్చింది. బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు.

వాచీ జేబులో పెట్టుకున్నాయన తిరిగొచ్చాడు. వేరే చోట ఇస్తే స్క్రూ పోగొట్టారట. ఆరు కొట్టింది. ఆగండి, మా అక్కతో మాట్లాడాలి అని షట్టరు సగం దించాను. ఆయన బయటే నిలబడ్డాడు.

గీత గీయలేదు. తడమలేదు. కొలిచి రాయి.

తమ్ముడు

—

కుట్టుమిషను గది,
జూన్ పంతొమ్మిది.

తమ్ముడికి,

రెండంగుళాలకు నూలు తక్కువ.

ఇక్కడ కూడా మార్పేమీ లేదు.

అక్క